గ్రంథాలయములో మన పిల్లలు

పాఠ్యభాగములు: లూకా 2:41-52, లూకా 4:16-20



ఈ నెల పాఠమునకు గ్రంథాలయమును అంశముగా తీసికొన్నాము. సంఘపత్రికలో గ్రంథాలయముతో మనకేమి పని అని కొందరు అడుగవచ్చును. పని ఉన్నది. మన గ్రామములనుండి ప్రతిదినము ఎన్నో కుటుంబములు విశాఖపట్టణమునకు పోవుచున్నవి. కొందరు పెద్దాసుపత్రికి, కొందరు పూర్ణా మార్కెట్టుకు, కొందరు ఓడరేవు పనికి, కొందరు గాజువాక దాటి ఉక్కు కర్మాగారము వైపు కూలిపనికి పోవుదురు. వారివెంట పిల్లలును పోవుదురు. పని ముగియువరకు ఈ పిల్లలను ఎక్కడ ఉంచవలెనను ప్రశ్న వచ్చినప్పుడు, నీడయు, ఫానును, కూర్చుండుటకు బల్లయు ఉన్న గ్రంథాలయము మంచి చోటుగా కనబడును. "ఇక్కడే కూర్చోండర్రా, గోల చెయ్యకండి, గంటలో వచ్చేస్తాం" అని చెప్పి పెద్దలు వెళ్లిపోవుదురు. ఆ గంట మూడు గంటలగును.

ఆ మూడు గంటలలో ఏమి జరుగును? ముందు పిల్లలు బొమ్మల పుస్తకములు చూతురు. తరువాత కుర్చీలు జరుపుదురు. తరువాత ఒకడు బల్లక్రింద దూరును, ఇంకొకడు వానిని పట్టుకొనును. ప్రక్కబల్లమీద ఉద్యోగపు పరీక్షకు చదువుకొను యువకుడు తలయెత్తి చూచును. గ్రంథపాలకుడు వచ్చి ఒకసారి మెల్లగా చెప్పును, రెండవసారి గట్టిగా చెప్పును, మూడవసారి బయటకు పంపును. బయట రద్దీగల రోడ్డు ఉన్నది. ఆ పిల్లవాడు మరల ఆ గుమ్మము ఎక్కుటకు సిగ్గుపడును. ఒక్క దినమున రెండు నష్టములు కలుగుచున్నవి: పిల్లవాని క్షేమమునకు అపాయము, పుస్తకముతో వానికి కలుగవలసిన స్నేహమునకు భంగము. ఈ రెండింటినిగూర్చి ఈ పాఠములో ఆలోచింతము.

1. ఈ తలుపు ఎట్లు తెరువబడెను

గ్రంథాలయమును మనము మరియొకరి ఇల్లుగా చూచుచున్నాము. అందుచేత కొందరు భయపడి లోపలికి పోరు. కొందరు పోయినను అది తమది కాదుగదా అని నిర్లక్ష్యముగా నుందురు. ఈ రెండును పొరపాటే. అది మనది. ఎట్లు మనదాయెనో పిల్లలకు చెప్పవలెను.

తెలుగుదేశములో ప్రజలకొరకు ఏర్పడిన తొలి గ్రంథాలయములలో ఒకటి మన విశాఖపట్టణములోనే 1886లో సరస్వతీ నిలయము అను పేరుతో వెలసెను. దానిని స్థాపించినవాడు రాజుగాని జమీందారుగాని కాడు, ఒక బడిపంతులు. తరువాత 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికొరకు తమ జీవితమంతయు ధారపోసిరి. ఊరూర చందాలు పోగుచేసి, ఒక గది అద్దెకు తీసికొని, పది పుస్తకములతోనైనను గ్రంథాలయము పెట్టవలెనని వారు బోధించిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవలో పెట్టి, పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువమీద గ్రామములకు పంపిరి. ప్రజలు పుస్తకమునొద్దకు రాలేనప్పుడు పుస్తకమే ప్రజలయొద్దకు పోయెను.

ఆ మీదట చట్టములు వచ్చెను. మద్రాసు రాష్ట్రములో 1948లో, ఆంధ్రప్రదేశములో 1960లో పౌర గ్రంథాలయముల చట్టములు చేయబడెను. ఇంటిపన్నుతోబాటు గ్రంథాలయ సుంకము వసూలుచేయు పద్ధతి వచ్చెను. మనము పంచాయతీకి కట్టు పన్నులో గ్రంథాలయములకు చేరు పైసలున్నవి. పెంకుటింటివాడును కట్టుచున్నాడు, మేడవాడును కట్టుచున్నాడు. కాబట్టి జిల్లా గ్రంథాలయ సంస్థవారి గదిలో కుర్చీమీద కూర్చున్న మన పిల్లవాడు ఎవరి దయమీదను కూర్చున్నవాడు కాడు. కాని ఆ కుర్చీలో అందరి పైసలు ఉన్నవి గనుక, దానిని పాడుచేయు అధికారము ఎవరికిని లేదు. హక్కు, బాధ్యత ఒకే పన్ను రసీదులో నున్నవి.

పిల్లలకు ఈ తలుపు అంత సుళువుగా తెరువబడలేదు. అమెరికాలో సహితము వంద, నూట ఏబది ఏండ్ల క్రిందట అనేక గ్రంథాలయములు పన్నెండేండ్లకో పదునాలుగేండ్లకో లోబడిన పిల్లలను లోపలికి రానిచ్చెడివి కావు. పిల్లలు చింపుదురు, అరచుదురు అని పెద్దల భయము. న్యూయార్కు పౌర గ్రంథాలయములో 1906లో పిల్లల శాఖకు పెద్దగా వచ్చిన అన్నే కారల్ మూర్ అను స్త్రీ వేరొక త్రోవ పట్టెను. బల్లమీద ఒక పెద్ద పుస్తకముంచి, పుస్తకములను జాగ్రత్తగా చూతుననియు, గ్రంథాలయ నియమములకు లోబడుదుననియు పిల్లలచేత మాట తీసికొని, అందులో వారి పేరు వారిచేతనే వ్రాయించెడిది. పేరు వ్రాసిన పిల్లలకు నమ్మి పుస్తకములు ఇచ్చెడిది. పేరు వ్రాయుటకు వచ్చిన చాలు, వయస్సు అడ్డు కాదు. నమ్మకము ముందు, నియమము దానితోకూడ. పిల్లలకు రెండును కావలెను.

మన దేశములో గ్రంథాలయ శాస్త్రమునకు ఆద్యుడైన ఎస్. ఆర్. రంగనాథన్‌గారు 1931లో అయిదు సూత్రములు ప్రకటించిరి. పుస్తకములున్నది దాచుటకు కాదు, వాడుటకే అనునది వాటిలో మొదటి దాని భావము. ప్రతి చదువరికిని తగిన పుస్తకము దొరకవలెననునది రెండవదాని భావము. ఆ చదువరులలో ఎనిమిదేండ్ల పిల్లయు ఉన్నది. పూర్వము ఐరోపాలో పుస్తకములను గొలుసులతో బల్లలకు కట్టియుంచెడివారు. ఇంగ్లండులోని హెర్‌ఫర్డు పట్టణపు దేవాలయములో అట్టి గొలుసుల పుస్తకములు నేటికిని ఉన్నవి. నేడు గొలుసులు పోయినవి. గొలుసు చేసిన పనిని ఇప్పుడు మంచి నడవడి చేయవలెను. నడవడి లేనిచోట గొలుసులు మరియొక రూపములో తిరిగి వచ్చును: బీరువాకు తాళము పడును, పిల్లలకు ప్రవేశము లేదను బోర్డు వ్రేలాడును. అప్పుడు నష్టపోవువారు ఎవరు? కొనుక్కొనగలిగినవారి పిల్లలు కారు, మన పిల్లలే.

2. అందరి కన్ను ఎవరి కన్నును కాదు

ఇప్పుడు మన పాఠ్యభాగమునకు వత్తము. యోసేపు, మరియలు పస్కా పండుగకు యెరూషలేము వెళ్లిరి. పన్నెండేండ్ల యేసు వారితోకూడ నుండెను. పండుగ ముగిసి తిరిగి వచ్చుచుండగా బాలుడు పట్టణములోనే నిలిచిపోయెను. తలిదండ్రులకు ఆ సంగతి తెలియలేదు. బాలుడు గుంపులోనే ఎక్కడనో ఉన్నాడని తలంచి ఒక దినప్రయాణము సాగిపోయిరి. తరువాత బంధువులలోను నెళవైనవారిలోను వెదకిరి. లేకపోగా వెనుకకు మరలి, మూడు దినములైన తరువాత దేవాలయములో ఆయనను కనుగొనిరి.

ఈ తలిదండ్రులు అజాగ్రత్తపరులని తీర్పు చెప్పుట మన పని కాదు. వారు భక్తిపరులు, బిడ్డను ప్రేమించినవారు. వారి గుంపులో ఉన్నవారందరు తమ ఊరివారు, తమ చుట్టములు. అట్టి గుంపులోనే, అట్టి తలిదండ్రులకే బిడ్డ కనబడకుండుట సంభవించినప్పుడు, తెలిసిన మొగమొకటియు లేని పట్టణములో మనమెంత మెలకువగా నుండవలెను!

మన ప్రయాణములు చూడుడి. ఒక ఆటోలోనో బస్సులోనో పదిమందిమి పోదుము. తల్లి, బాబు తాతయొద్ద ఉన్నాడనుకొనును. తాత, వాడు పిన్నమ్మయొద్ద ఉన్నాడనుకొనును. పిన్నమ్మ తన పిల్లలను చూచుకొనుచుండును. అందరును చూచుచున్నారను నమ్మకములో ఎవరును చూడకుందురు. పల్లెలో ఇది సాగును. పల్లెలో వీధి అంతయు పిల్లలను ఎరుగును. ఎవరి గుంటడు ఎవరి గుమ్మములో నున్నాడో పదిమందికి తెలియును. పట్టణములో ఆ వీధి లేదు. గ్రంథాలయములో కూర్చున్నవారు మంచివారే కావచ్చును, కాని వారు చదువుకొనుటకు వచ్చినవారు. మన బిడ్డ లేచిపోయిన సంగతి వారికి తెలియదు.

గ్రంథపాలకుడు ఉన్నాడు గదా అందురేమో. ఆయన పనిని ఒకసారి తలంచుడి. వచ్చినవారి పేర్లు పుస్తకములో వ్రాయించవలెను. పుస్తకములు ఇచ్చి, తిరిగివచ్చినవి లెక్క చూచుకొనవలెను. పత్రికలు సర్దవలెను. బీరువాలలో తారుమారైనవాటిని మరల వాటి స్థానములో నుంచవలెను. అనేక గ్రంథాలయములలో ఈ పనులన్నిటికి ఒకరో ఇద్దరో ఉందురు. ఆయనను మన పిల్లలకు కాపరిగా ఎవరును నియమింపలేదు. ఇతర దేశములలో ఈ చిక్కు ఎంత సాధారణమనగా, అమెరికా, బ్రిటనులలో అనేక గ్రంథాలయములు ఇంత వయస్సు లోపలి పిల్లలు పెద్దవారి తోడు లేకుండ రాకూడదని నియమము వ్రాసి గోడకు తగిలించినవి. పిల్లల క్షేమము తలిదండ్రులదే, గ్రంథాలయ సిబ్బందిది కాదని వాటిలో స్పష్టముగా చెప్పుదురు.

మరియొక సంగతి జ్ఞాపకముంచుకొనుడి. శాఖా గ్రంథాలయములలో అనేకము ప్రొద్దున కొన్ని గంటలు, సాయంత్రము కొన్ని గంటలు మాత్రమే తెరచియుండును. ప్రొద్దున విడిచిన పిల్లవాడు మధ్యాహ్నము తలుపులు మూయునప్పుడు గుమ్మము బయట ఎండలో నిలువవలసివచ్చును. దాహమై బయలుదేరును, లేక అమ్మను వెదకుటకు బయలుదేరును. పెద్ద రోడ్డు దాటును. ఎవడో తియ్యగా పిలిచిన వానివెంట పోవును. అపాయము గదిలో కాదు, గది మూసిన తరువాత ఉన్నది.

3. వయస్సునుబట్టి కాపుదల

కాపుదల అనగా ఎల్లప్పుడు చేయి పట్టుకొని యుండుట కాదు. బిడ్డ ఎదిగినకొలది తాడు పొడుగు చేయవలెను, కాని ఒక్కసారి విడువకూడదు. ఈ క్రింది సలహా చట్టము కాదు. మా సంఘములలోని తలిదండ్రులతో మాటలాడి మేము మేలని తలంచినది.

ఏడేండ్ల లోపలి పిల్లలు: చేతికి అందునంత దూరములో ఉండవలెను. వారిని గ్రంథాలయమునకు తీసికొనిపోవు పెద్దవారు తామును బల్లయొద్ద కూర్చుండి, బొమ్మల పుస్తకము విప్పి మెల్లని గొంతుతో చదివి చూపవలెను. తల్లికి చదువు రాకపోయినను సిగ్గుపడనక్కరలేదు. బొమ్మలు చూపి కథ చెప్పవచ్చును. లేక బిడ్డచేత చదివించుకొని వినవచ్చును. తల్లి వినుచున్నదని తెలిసిన బిడ్డ శ్రద్ధగా చదువును.

ఎనిమిది మొదలు పన్నెండేండ్ల పిల్లలు: కంటికి అందునంత దూరములో ఉండవలెను. వారు తమకు ఇష్టమైన పుస్తకము తామే ఏరుకొనవచ్చును, వేరే బల్లయొద్ద కూర్చుండవచ్చును. కాని పెద్దవారొకరు అదే గదిలో ఉండవలెను. పదేండ్ల అక్కకు నాలుగేండ్ల తమ్ముని అప్పగించి పోవుట కాపుదల కాదు. అది ఇద్దరు పిల్లలను విడుచుటయే.

పన్నెండు దాటినవారు: ఒంటరిగా చదువుకొనవచ్చును, అయితే మూడు సంగతులు కుదిరియుండవలెను. ఎన్ని గంటలకు ఎవరు వత్తురో తెలిసియుండవలెను. ఇంటివారి ఫోను నంబరు నోటికి వచ్చియుండవలెను. ఇల్లు చేరుటకు చాలినంత డబ్బు జేబులో నుండవలెను. పని ఆలస్యమైనయెడల గ్రంథాలయపు గుమ్మములోనే వేచియుండవలెనని, ఎవరు పిలిచినను పోరాదని ముందే చెప్పవలెను. ఆపదలోనున్న పిల్లలకు సహాయము చేయుటకు 1098 అను నంబరు కలదని వారికి నేర్పవలెను. ఆ నంబరును మన ప్రార్థన మందిరపు గోడమీద వ్రాయించుటకు సున్నమును కుంచెయు చాలును.

4. కూర్చుండుట, వినుట, అడుగుట

తలిదండ్రులు బాలుడైన యేసును కనుగొన్నప్పుడు ఆయన ఏమి చేయుచుండెనో లూకా మూడు మాటలలో చెప్పెను. బోధకులమధ్య కూర్చుండి యుండెను. వారు చెప్పునది వినుచుండెను. వారిని ప్రశ్నలు అడుగుచుండెను. చదువు నేర్చుకొను చోట బిడ్డ ఎట్లు ఉండవలెనో ఈ మూడింటిలో అంతయు ఉన్నది.

కూర్చుండుట: ఒకచోట కుదురుగా కూర్చుండుట పిల్లలకు పుట్టుకతో రాదు. అది నేర్పవలసినది. ఇంటిలో ఎన్నడును పావుగంటయైనను కుదురుగా కూర్చుండని పిల్లవాడు పట్టణపు గ్రంథాలయములో రెండు గంటలు కూర్చుండుననుకొనుట వట్టి ఆశ. కాబట్టి ఇంటియొద్ద మొదలుపెట్టుడి. సాయంత్రము దీపములు పెట్టిన తరువాత పావుగంట అందరును ఏదో ఒకటి చదువవలెను. ఫోను ప్రక్కన పెట్టవలెను. తండ్రి ఫోనులో పాటలు పెట్టుకొని బిడ్డను మాత్రము చదువుమనినయెడల బిడ్డ చెవికి పాటయే వినబడును. గ్రంథాలయములోకూడ ఫోను మ్రోగనీయకూడదు. మాటలాడవలసివచ్చినప్పుడు బయటకు పోవలెను. ఈ విషయములో పిల్లలకంటె పెద్దలే ఎక్కువగా నియమము తప్పుచున్నారు.

వినుట: గ్రంథాలయములోని నిశ్శబ్దము ఎవరికొరకో పిల్లలకు చెప్పినయెడల వారు గ్రహింతురు. ఊరకే "నోరు ముయ్యి" అనిన గ్రహింపరు. విశాఖపట్టణములో ద్వారకానగరులోని పౌర గ్రంథాలయమునకుగాని, మరి ఏ పఠన మందిరమునకుగాని పోయి చూడుడి. ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువతీయువకులు అక్కడ గంటల తరబడి కూర్చుందురు. వారిలో అనేకులు మనవంటి పల్లెలనుండి వచ్చినవారే. ఇంటియొద్ద గది లేదు, అందుచేత అక్కడికి వచ్చిరి. ఒక ఇంటి అప్పు, ఒక చెల్లెలి పెండ్లి ఆ పరీక్షమీద ఆధారపడియున్నది. "అదిగో, ఆ అన్నయ్య చదువుకొంటున్నాడు. వాడికి ఉద్యోగం వస్తే వాళ్లమ్మ కష్టం తీరుతుంది. మనం మెల్లగా మాట్లాడదామా?" అని తల్లి చెవిలో చెప్పినయెడల ఆరేండ్ల పిల్లవాడైనను గొంతు తగ్గించును. పొరుగువానిని ప్రేమించుటకు బిడ్డ నేర్చుకొను తొలిపాఠములలో ఇది యొకటి: మనకు కనబడని వాని కష్టమునుబట్టి మన గొంతు తగ్గించుకొనుట.

అడుగుట: దీనిని మరువకూడదు. ప్రశ్న అడుగుట అల్లరి కాదు. బాలుడైన యేసు పెద్దలమధ్య నోరు మూసికొని కూర్చుండలేదు, ప్రశ్నలు అడిగెను. మన పిల్లలు గ్రంథపాలకుని చూచి భయపడి, కావలసిన పుస్తకము దొరకక, ఊరక తిరుగుచు అల్లరిలో పడుదురు. "అయ్యా, ఓడలగురించి పుస్తకం ఉందాండీ?" అని అడుగుట నేర్పుడి. గ్రంథపాలకులకు ఇంతకంటె సంతోషకరమైన మాట లేదు. ఓడరేవు ప్రక్కన పెరుగు బిడ్డ ఓడలనుగూర్చి అడుగవద్దా? 1933లో ఈ రేవు తెరువబడెనని, కొండచాటున నీరు లోపలికి చొచ్చుకొనివచ్చుటచేత ఇక్కడ రేవు కట్టిరని, పుస్తకములో చూచి తెలిసికొన్న బిడ్డ మరునాడు రేవును వేరు కన్నులతో చూచును. పని ఉన్న బిడ్డ అల్లరి చేయడు. అల్లరిలో సగము తోచకపోవుటచేత పుట్టునదే.

5. చుట్టి యిచ్చిన గ్రంథము

లూకా సువార్తలోనే నాలుగవ అధ్యాయములో ప్రభువు పెద్దవాడై నజరేతు సమాజమందిరములో చదువుటకు నిలువబడెను. ప్రవక్తయైన యెషయా గ్రంథము ఆయన చేతికి ఇయ్యబడెను. ఆయన విప్పి, చదువవలసిన చోటు కనుగొని చదివెను. చదివిన తరువాత గ్రంథమును చుట్టి, పరిచారకుని చేతికి మరల ఇచ్చి కూర్చుండెను. ఇంత గొప్ప దినమున, అందరి కన్నులు ఆయనమీద ఉన్నప్పుడు, గ్రంథమును చుట్టి ఇచ్చిన ఆ చిన్న సంగతిని లూకా విడువక వ్రాసెను. ఆ గ్రంథము ఆ ఊరి సమాజమంతటికి ఉమ్మడి. తరువాత చదువువానికి అది సరిగా దొరకవలెను.

మన పిల్లలకు నేర్పవలసిన పుస్తక మర్యాద అంతయు ఇందులో ఉన్నది. చేతులు కడుగుకొని తాకవలెను. వ్రేలు తడిచేసి పుట త్రిప్పకూడదు. గుర్తుకొరకు పుట మూల మడువక కాగితపు ముక్క పెట్టవలెను. పెన్సిలుతో గీతలు గీయకూడదు. బొమ్మ బాగున్నదని చింపుకొనకూడదు. ఆ బొమ్మ తరువాత వచ్చు వందమంది పిల్లలది. మరమరాలు, మిక్చరు పొట్లములు లోపలికి తీసికొనిపోకూడదు. రాలిన మెదుకులకు చీమలు, బొద్దింకలు వచ్చును, అవి పుస్తకముల జిగురును తినును. విశాఖపట్టణపు సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. ఊరక ఉంచినను కాగితమునకు బూజు పట్టు చోట, తడిచేతులు దానికి తోడు కాకూడదు.

ముఖ్యముగా, తీసిన పుస్తకమును తోచిన అరలో కుక్కకూడదు. చోటు తెలియనప్పుడు బల్లమీదనే ఉంచి గ్రంథపాలకునికి చెప్పవలెను. వేల పుస్తకములలో తప్పుచోట పెట్టిన పుస్తకము పోయిన పుస్తకముతో సమానము. అది లోపలనే ఉన్నను వెదకువానికి దొరకదు. 1947లో పుట్టిన చందమామ పత్రిక ఇప్పుడు వెలువడుటలేదు. దాని పాత సంచికలను కుట్టించి దాచిన గ్రంథాలయములు కలవు. అట్టిదానిలో ఒక పుట చిరిగిన, కొత్తది కొని తెచ్చుటకు అంగడి లేదు.

మన విశాఖపట్టణమునకు సువార్త గ్రంథమునకు ఉన్న సంబంధము కూడ పిల్లలకు చెప్పదగినది. 1805లో లండను మిషనరీ సంఘమువారైన జార్జి క్రాన్, అగస్టస్ డేగ్రాంజెస్ ఈ పట్టణమునకు వచ్చిరి. ఆనందరాయరు అను పండితుని సహాయముతో సువార్తలను తెలుగులోనికి మార్చు పని ఇక్కడ సాగెను. క్రాన్ 1809లోను, డేగ్రాంజెస్ 1810లోను చనిపోయిరి. వారి పని ఫలము 1812లో బెంగాలులోని శ్రీరామపురములో అచ్చయ్యెను. అచ్చుకాగితమును కన్నులతో చూడకుండనే పోయిరి. ఒక పుస్తకము మన చేతికి వచ్చుటకు ఎవరెవరు ప్రాణములు పెట్టుదురో తెలిసిన బిడ్డ దానిని మడచి పిరుదుల క్రింద వేసికొనడు.

6. బెత్తమువలన రాని నడవడి

కొందరు తండ్రులు గ్రంథాలయములోనే బిడ్డను చెంపపెట్టు పెట్టి, తాము క్రమశిక్షణ నేర్పితిమనుకొందురు. ఆ ఏడుపుతో గదియంతయు చెదరిపోవును. బిడ్డకు పుస్తకమును దెబ్బయు ఒకచోట ముడిపడిపోవును. పిల్లలకు కోపము రేపకుండ పెంచవలెనని పౌలు తండ్రులకు హెచ్చరిక వ్రాసెను (ఎఫెసీయులకు 6:4). బిడ్డ గోల చేసినప్పుడు చేయి పట్టుకొని మెల్లగా బయటకు తీసికొనిపోవుడి. నీళ్లు త్రాగించుడి. ఆకలియో, అలసటయో, మూత్రమునకు పోవలెనో అడుగుడి. శాంతించిన తరువాత మరల లోపలికి తెచ్చుడి. శాంతింపనియెడల ఆ దినమునకు ఇంటికి పోవుడి. అది ఓటమి కాదు. మరల వచ్చుటకు దారి తెరచియుంచుట.

పాడుచేసిన పుస్తకమును దాచిపెట్టి పారిపోవుట బిడ్డకు నేర్పకుడి. బిడ్డచేతనే దానిని గ్రంథపాలకుని యొద్దకు తీసికొనిపోనిచ్చి, వాని నోటితోనే చెప్పించుడి. వెల కట్టవలసివచ్చినయెడల తండ్రి కట్టవలెను, తరువాత బిడ్డ చిన్నచిన్న పనులు చేసి తీర్చుకొనవలెను. ఒక పుస్తకపు వెలకు నిజాయితీ వచ్చినయెడల అది చౌక బేరమే.

యెరూషలేములో బాలుడు దొరికిన తరువాత తల్లి తన మనోవేదన చెప్పుకొనెను, ఆయన జవాబు చెప్పెను. అక్కడ దెబ్బ లేదు, మాట ఉన్నది. తరువాత ఆయన వారితోకూడ నజరేతు వెళ్లి వారికి లోబడియుండెను. జ్ఞానమందును వయస్సునందును కలిసి ఎదిగెను. జ్ఞానము పెరుగుటకు చోటు ఇచ్చుట, లోబడుటకు నేర్పుట, ఈ రెండును కలసినదే పెంపకము.

7. సంఘములో మనము చేయదగినవి

ప్రతి సంవత్సరము నవంబరు 14వ తేదీనుండి 20వ తేదీవరకు గ్రంథాలయ వారోత్సవములు జరుగును. మొదటి దినము బాలల దినోత్సవమే. ఆ వారములో ఆదివారపు బడి పిల్లలను దగ్గరనున్న గ్రంథాలయమునకు తీసికొనిపోవుడి. ముందుగా గ్రంథపాలకుని కలిసి దినమును, వేళను, సెలవు దినములను అడిగి తెలిసికొనుడి. పదిమంది పిల్లలకు ఇద్దరు పెద్దలకు తక్కువ కాకుండ ఉండవలెను. బయలుదేరునప్పుడు ఒకసారి, లోపలికి పోవునప్పుడు ఒకసారి, తిరిగి బండి ఎక్కునప్పుడు ఒకసారి పేరుపేరున లెక్కించవలెను. ఎవరి కాపుదలలో ఎవరున్నారో కాగితముమీద వ్రాసికొనవలెను.

పట్టణము పోలేని గ్రామములలో ప్రార్థన మందిరములోనే ఒక చిన్న బీరువా పెట్టవచ్చును. ముప్పది పుస్తకములు చాలును. ఒక నోటు పుస్తకములో తీసికొన్నవారి పేరు, తేదీ, తిరిగి ఇచ్చిన తేదీ వ్రాయవలెను. పెద్ద పిల్లలలో ఒకరిని నెలకొకరు చొప్పున గ్రంథపాలకునిగా ఉంచవలెను. చినిగిన పుస్తకములను అతికించుట, తప్పుచోట ఉన్నవాటిని వెదకుట ఎంత కష్టమో తానే అనుభవించిన పిల్లవాడు పట్టణపు గ్రంథాలయములో అడుగుపెట్టినప్పుడు వేరొకరు చెప్పనక్కరలేకయే మెల్లగా నడచును.

స్త్రీల సమాజపువారు ఇంకొక మేలు చేయగలరు. పట్టణములో ఆసుపత్రికిగాని పనికిగాని పోవలసిన తల్లి పిల్లలను ఆ ఒక్కపూట ఊరిలోనే తమ ఇండ్లలో ఉంచుకొనవచ్చును. పిల్లలను గ్రంథాలయములో విడిచిపోవు తల్లి అందరును అనుకొనునట్లు అజాగ్రత్తగలది కాదు. వేరొక త్రోవ లేనిది. ఆమెకు త్రోవ చూపకుండ నింద మోపుట మనకు తగదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన కుటుంబము కిందటిసారి పట్టణము పోయినప్పుడు ప్రతి బిడ్డను చూచుకొనుట ఎవరి బాధ్యతయో ముందుగా చెప్పుకొంటిమా?

2. మన ఇంటిలో దినమునకు పావుగంట అందరును కలిసి చదువు వేళ ఉన్నదా? లేనియెడల ఏ వేళ కుదురును?

3. గ్రంథాలయములో గొంతు తగ్గించుమని మన పిల్లలకు చెప్పునప్పుడు ఎవరికొరకో కూడ చెప్పుచున్నామా?

4. ప్రభువు గ్రంథమును చుట్టి పరిచారకునికి తిరిగి ఇచ్చిన సంగతినుండి ఉమ్మడి వస్తువులనుగూర్చి మనమేమి నేర్చుకొందుము? బడి బల్లలు, బస్సు కుర్చీలు, ఊరి కుళాయి విషయములోను ఇది వర్తించునా?

5. మన సంఘములో పిల్లలను పట్టణములో విడువక తప్పని తల్లి ఎవరైన ఉన్నారా? ఈ వారము ఆమెకు మనమేమి సహాయము చేయగలము?

గ్రంథాలయపు తలుపు మన పిల్లలకొరకు తెరచియున్నది. వారిని చేయి పట్టుకొని లోపలికి తీసికొనిపోవుట, లోపల వారి ప్రక్కన కూర్చుండుట, ఇంటికి క్షేమముగా తిరిగి తెచ్చుట మన వంతు.